మెట్లబావి, కాలనీ గోడల పరిరక్షణ: 2024-25 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, కాలనీ కుటుంబాలన్నిటికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం చేసిన పనిని సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా విషయానికి వస్తాను. మొక్కలు నాటడం, పార్కు కంచె మరమ్మతు, ఆగస్టు 15 జెండా పండుగ ఎప్పటిలాగే జరిగాయి. మిగిలిన శ్రమంతా గోడల మీది పిచ్చిరాతలను పోగొట్టడానికే సరిపోయింది.

మొదట మే నెల సంగతి చెప్పాలి. పిల్లలకు సెలవులు, పెద్దలకు తీరిక అని పార్కు ప్రహరీ శుభ్రం చేసే పని ఆ నెలలో పెట్టుకున్నాం. జనం బాగానే వచ్చారు. కానీ అది పడమటి ఎండ పడే గోడ. ముందురోజు సాయంత్రం మింగిన వేడి ఉదయానికీ పూర్తిగా దిగలేదు, పది గంటలకల్లా చెయ్యి ఆనించలేకపోయాం. థిన్నర్ రంగును కరిగించే లోపే ఆవిరైపోయింది. సగం మెత్తబడిన నీలిరంగు గుడ్డతో పాటు జరిగి సిమెంటు గరుకులోకి దిగింది. నాలుగు అక్షరాలు ఉన్నచోట మధ్యాహ్నానికి మంచం అంత నీలి మరక మిగిలింది. ఆ తేదీ పెట్టింది నేనే, బాధ్యత నాదే.

వానాకాలం మరో పాఠం. తడిసిన గోడ సందులన్నీ నీళ్లతో నిండి ఉంటాయి, రంగును కరిగించే మందు లోపలికి పోదు. పైన జల్లు పడితే కరిగిన రంగు చారలుగా కిందికి జారుతుంది. వాన వెలిసి గోడ లోపలి దాకా ఆరేవరకు ఆగడం తప్ప వేరే దారి లేదు. అందుకే జూలై నుంచి సెప్టెంబరు వరకు కొత్తగా పడిన రాతలను మాత్రమే ఆ రోజో మర్నాడో తుడిచాం. తాజా స్ప్రే రంగు ఒకటి రెండు రోజుల్లో ఎంత తేలిగ్గా వస్తుందో, నెల దాటితే అంత మొండికేస్తుంది.

గోడ స్వభావం తెలియకుండా గుడ్డ పట్టకూడదని ఈ ఏడాది బాగా తెలిసింది. కమ్యూనిటీ హాలు ముందున్న సానబెట్టిన గ్రానైటు మీద, దుకాణాల షట్టర్ల మీద రాతలు పైపైనే ఉంటాయి. అయితే షట్టర్ మీద మందు ఎక్కువైతే అసలు రంగు కూడా ఊడుతుంది. గరుకు రాయి, ఇటుక, సిమెంటు పూత రంగును పీల్చుకుంటాయి. ఫ్లైఓవర్ స్తంభాల చిక్కు వేరు. వాటి మీద వాహనాల పొగమసి పేరుకుని ఉంది. రాత ఉన్నచోట మాత్రమే కడిగితే ఆ అక్షరాలే తెల్లగా మళ్లీ కనిపిస్తాయి. స్తంభం ఆ వైపంతా కడగాల్సి వచ్చింది.

ఇక మన మెట్లబావి. 2022 డిసెంబరులో సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట మెట్లబావి బాగుపడి జనానికి తెరుచుకున్నప్పుడు మనవాళ్లు బస్సు కట్టించుకుని వెళ్లి చూసివచ్చారు. మన బావి ఎప్పుడని అడిగినవారందరికీ ఈ సంక్రాంతికి ముందటి ఆదివారం జవాబు దొరికింది. చెక్కిన రాతి వరుసల మధ్య, పై అరుగుల మీద డంగు సున్నపు (గానుగలో నూరిన సున్నపు) గచ్చు ఉంది. దాని మీద కార్లు కడిగే ప్రెషర్ మిషన్ పెడదామని కొందరు సభ్యులు ఒత్తిడి చేశారు. పాత సున్నం ఆ ధాటికి పొడిపొడిగా రాలిపోతుంది. యాసిడ్ పోస్తే ఇంకా ఘోరం, సున్నాన్నే తినేస్తుంది. ఇనుప బ్రష్షు వెంట్రుకలు రాతిలో ఇరుక్కుని తర్వాత తుప్పు మరకలవుతాయి. అందుకే నైలాన్ బ్రష్షులు, నీళ్లు, ముల్తానీ మట్టి, మొండి రంగుకు రాతికి పనికొచ్చే రిమూవర్ మాత్రమే వాడదామన్న మేస్త్రి గారి మాటకే కట్టుబడ్డాం.

ఉదయం ఏడింటికి చలి బాగా ఉంది. తూర్పు గోడ అప్పుడు నీడలో ఉంటుంది కనుక అక్కడ మొదలుపెట్టి, మధ్యాహ్నం పడమటి గోడకు మారాం. దక్షిణపు గోడకు చలికాలమంతా ఎండ తగలదు. అక్కడ రాతల కింద పాచి కూడా ఉండడంతో దాన్ని ఫిబ్రవరికి వదిలాం. మూడో మెట్టు పక్కన ఎర్ర ఎనామిల్‌తో ఎవరో రాసిన జంట పేర్ల మీద ఆ రిమూవర్ కలిపిన ముల్తానీ మట్టిని దోసెపిండంత మందాన మెత్తి, త్వరగా ఆరకుండా పాలిథిన్ కప్పాం. మూడు గంటల తర్వాత మేస్త్రి గారు కర్ర గరిటెతో అంచు లేపారు. మట్టి పెళ్ల ఊడి చేతిలోకి వచ్చింది. దాని అడుగు కుంకుమ పూసినట్టు ఎర్రగా ఉంది, రాయి మీద సన్నటి గులాబీ ఛాయ మాత్రమే మిగిలింది. మళ్లీ రెండుసార్లు మెత్తాక అదీ పోయింది. పక్కన నిలబడిన పిల్లలు చప్పట్లు కొట్టారు. ఈ సంఘంలో నేను చూసిన మంచి రోజుల్లో అది ఒకటి.

మేకులతో గీసిన పేర్లు మాత్రం పోవు. గచ్చు మీదివాటిని సున్నంతో పూడ్చాం, రాతి మీదివి అలాగే ఉంటాయి.

మేస్త్రి గారికి, ఆయన కుమారుడికి, ఉప్మా, టీ పంపిన మహిళా విభాగానికి, నీళ్ల ట్యాంకర్ ఇప్పించిన ఉపాధ్యక్షులకు, బకెట్లు మోసిన పదో తరగతి పిల్లలకు, రెండు ఆదివారాలూ షామియానా ఉచితంగా ఇచ్చిన దుకాణదారుకు, రాత్రుళ్లు బావి వైపు ఓ కన్నేసి ఉంచిన కాపలాదారుకు సంఘం తరఫున పేరుపేరునా కృతజ్ఞతలు.

బాధతో రెండు మాటలు. జనవరి పనికి నలభై ఇద్దరు పేర్లు ఇచ్చారు, పదకొండు మంది వచ్చారు. మిగిలినవారిలో కొందరు సాయంత్రం వచ్చి శుభ్రమైన గోడ ముందు ఫోటోలు దిగారు. చలిలో లేవడం కష్టమే. కానీ వాన వెలిసి ఎండ ముదరని ఆ కొద్ది నెలలే గోడకు అనువైన కాలం, మన తీరిక కోసం అది ఆగదు. రెండోది, సంబంధిత కార్యాలయం తీరు. బావి దగ్గర ఒక్క దీపం పెట్టించమని నాలుగుసార్లు రాశాం. చీకటి ఉన్నచోటే రాతలు మళ్లీ మళ్లీ పడుతున్నాయి. దీపం రాలేదు. దానికి బదులు ఆగస్టులో ఎవరినీ అడగకుండా బావి పిట్టగోడ మీది రాతలపై ప్లాస్టిక్ పెయింట్ కొట్టించారు. సున్నపు గోడ లోపలి తేమ బయటికి రాలేక అక్టోబరుకల్లా పొక్కులు లేచి, రంగుతో పాటు గచ్చు కూడా పెళ్లలుగా ఊడింది. రాతల కంటే ఆ పూతే ఎక్కువ నష్టం చేసింది.

గోల్కొండ కోటలోనూ ఇదే పని చేద్దామని యువ సభ్యులు అడిగారు. మంచి ఉత్సాహమే, కానీ అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అనుమతి లేకుండా అక్కడ శుభ్రం చేయబోవడమూ తప్పే అవుతుంది. అలాంటి చోట పేర్లు చెక్కేవారికి, పురాతన కట్టడాల రక్షణ చట్టానికి 2010లో జరిగిన సవరణ తర్వాత, రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. ఆ సంగతి మన పిల్లలకు చెప్పడం వరకే మన పని.

జమాఖర్చులను ఆడిటరు గారు సరిచూశారు. పట్టిక నోటీసు బోర్డులో ఉంది, నిల్వ రూ. 11,460. ఇంకా 23 ఇళ్ల చందా రావాలి.

వచ్చే సంవత్సరానికి కార్యవర్గం ప్రతిపాదనలు: పిట్టగోడ మీది ప్లాస్టిక్ పూతను విప్పి డంగు సున్నం వేయడం, దీపం కోసం ఐదోసారి, ఈసారి సంతకాలతో అర్జీ ఇవ్వడం. పని నవంబరులో మొదలవుతుంది. పేర్ల పుస్తకం ఈ సమావేశంలోనే తలుపు పక్క బల్ల మీద ఉంటుంది. ఏ ఆదివారం వస్తారో తేదీ కూడా రాయండి.

ఇట్లు,
కార్యదర్శి