రొమ్ము ఆపరేషన్‌కు పూర్తి మత్తు ఒక్కటే దారి కాకూడదు

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను విశాఖలో ఆపరేషన్ థియేటర్ స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. రొమ్ము ఆపరేషన్లకు నరాల బ్లాక్ (మనిషిని పూర్తిగా మత్తులో ఉంచకుండా, ఆ భాగానికి వెళ్లే నరాల దగ్గర మందిచ్చి అక్కడ మాత్రమే మొద్దుబార్చడం) ఇచ్చే ఏర్పాటు ప్రభుత్వ ఆసుపత్రుల్లో పక్కాగా ఉండాలని, అది మా విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) నుంచే మొదలవ్వాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మా అక్కకు రొమ్ము క్యాన్సర్ అని తేలేనాటికే ఉబ్బసం ఉంది, గుండె కూడా బలహీనం. మేం మొదట వెళ్లిన ఆసుపత్రిలో "మత్తుకు ఫిట్‌నెస్ రాలేదు" అని వెనక్కి పంపేశారు. వాళ్ల భయం నాకు తెలుసు. కానీ ఫిట్‌నెస్ వచ్చేదాకా గడ్డ ఆగదు కదా! చివరికి వేరేచోట ఒక మత్తు డాక్టరమ్మ బ్లాక్ ఇచ్చి, కొద్దిగా నిద్రమందుతోనే ఆపరేషన్ జరిగేలా చూశారు. గొంతులో గొట్టం వేయలేదు. సాయంత్రానికి అక్క అడిగి మరీ టీ తాగింది.

సిజేరియన్‌కు నడుముకి ఇచ్చే ఇంజెక్షన్ మన ఆడవాళ్లందరికీ తెలుసు. ఇదీ ఆ కోవదే. వెన్నెముక పక్కన, ఛాతీ నరాలు బయటికొచ్చే చోట మందు ఎక్కిస్తారు. ఈ పద్ధతి 1905 నాటిది. ఛాతీ కండరాల పొరల మధ్య ఇచ్చే బ్లాక్‌ను 2011లో రఫాయెల్ బ్లాంకో అనే డాక్టరు వివరించారు. సూది ఎటు పోతోందో అల్ట్రాసౌండ్ తెర మీద కనబడుతుంది కాబట్టి ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం తగ్గింది.

లేనిపోని ఆశలు పెట్టడం నాకిష్టం లేదు. బ్లాక్ ఇస్తే క్యాన్సర్ తిరగబెట్టదని కొందరు చెబుతుంటారు. రెండు వేలమందికి పైగా ఆడవాళ్ల మీద జరిగి 2019లో వెలువడిన పెద్ద అధ్యయనంలో అలాంటి తేడా ఏమీ కనబడలేదు. రొమ్ము మొత్తం తీసి, చంకలో గడ్డలూ తీయాల్సి వచ్చినప్పుడు బ్లాక్ ఒక్కటే చాలకపోవచ్చు. మధ్యలో పూర్తి మత్తుకు మారాల్సీ రావచ్చు. అయితే పూర్తి మత్తుతో కలిపి ఇచ్చినా మొదటిరోజు నొప్పి తగ్గుతుంది, వాంతులు తెప్పించే మార్ఫిన్ లాంటి నొప్పి మందుల అవసరం తగ్గుతుంది. వాంతులతో కుట్లు పట్టుకుని ఏడ్చిన వాళ్లను చూసినదాన్ని, అది చిన్న విషయం కాదండీ.

మరి అడ్డేమిటి? మొదటిది మెషిన్. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం ప్రతి అల్ట్రాసౌండ్ మెషిన్‌నూ రిజిస్టర్ చేయించాలి. ఆ చట్టం ఉండాల్సిందే, దాన్ని సడలించమని అడగను. థియేటర్‌లో వాడే మెషిన్‌కూ, దాన్ని వాడే మత్తు డాక్టర్లకూ అనుమతులు జాప్యం లేకుండా వచ్చేలా జిల్లా అధికారులకు స్పష్టమైన ఆదేశం ఇవ్వండి, చాలు.

రెండోది సమయం. బ్లాక్ ఇచ్చి అది పట్టేదాకా ఆగాలి. బయట కేసులు వరుసలో ఉంటే సర్జన్ ఆగలేరు. థియేటర్ పక్కనే బ్లాక్‌లకు ఒక గది, అందులో ఒక నర్సు, మందు రక్తంలో ఎక్కువైతే విరుగుడుగా ఇచ్చే లిపిడ్ ఎమల్షన్ ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఆంధ్రా మెడికల్ కాలేజీలో మత్తు విభాగం పీజీలు చేతులారా నేర్చుకునేది అక్కడే.

శ్రీకాకుళం నుంచి, పాడేరు కొండల నుంచి, ఒడిశా కోరాపుట్ నుంచి కూడా కేజీహెచ్‌కే వస్తారు. ఫిట్‌నెస్ రాలేదంటే వాళ్లకు ఇంకో ఆసుపత్రి తలుపు తట్టే స్తోమత ఉండదు. ఈ గదికీ మెషిన్‌కూ వచ్చే బడ్జెట్‌లో చోటిస్తారో లేదో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
విశాఖపట్నం