రాసినవాళ్ల పేరేదీ?

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఈనాటి జాజ్ కళాకారుల మీద వేసిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. కానీ జాజ్‌లో ముందుగా రాసుకునేది ఏమీ ఉండదని, స్టేజి ఎక్కాక ఏది తోస్తే అది వాయించేస్తారని రాసిన చోట ఆగిపోయాను. ఆగిపోవడమేమిటి, ఒళ్లు మండింది. ఆ 'ఏమీ ఉండదు' అన్నదాన్నే రోజూ ఎనిమిది గంటలు కంప్యూటర్లో ఎక్కించి బతుకుతున్నాను మరి.

నేను సంగీతకారిణిని కాను. స్వరకర్తలు రాసిన స్కోరును (అన్ని వాయిద్యాల స్వరాలూ ఒకేచోట ఉండే ప్రతి) శుభ్రంగా ఎక్కించి, ఏ వాయిద్యం పార్టు ఆ వాయిద్యానికి విడదీసి పంపడం నా పని. దీన్నే కాపీ పని అంటారు. బిగ్‌బ్యాండ్ అనే పెద్ద జాజ్ బృందంలో మామూలుగా 17 మంది. ఐదు సాక్సోఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, పియానో, గిటార్, బేస్, డ్రమ్స్. అంటే ఒక్క రచనకు 17 పార్టులు. ట్రంపెట్‌కు 'డి' స్వరం రాస్తే బయటికి వినిపించేది 'సి'. ఆల్టో సాక్సోఫోన్ లెక్క మళ్లీ వేరు. ఎక్కడైనా ఒక్క స్వరం తప్పు పడిందా, రిహార్సల్ అక్కడే ఆగిపోతుంది. పేజీ తిప్పే చోటు ఇంకో తలనొప్పి. వాయించే మనిషికి చేతులు ఖాళీ అయ్యే విరామం ఎక్కడుందో చూసుకుని, సరిగ్గా అక్కడ పేజీ అయిపోయేలా సర్దాలి. కొత్తలో ఒకసారి పియానో పార్టులో రెండు చేతులూ పరుగెత్తుతున్న చోట పేజీ తెంచేశాను. స్వరకర్త తిట్టలేదు. ఆ కాగితం ఫొటో తీసి పంపారంతే. పేజీ అడుగున పియానో ఆయన పెన్సిల్‌తో మూడో చెయ్యి బొమ్మ గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. దాన్ని ప్రింటు తీసి నా టేబుల్ ముందు గోడకు అంటించుకున్నాను.

సోలో, అంటే ఒక్కరే ముందుకొచ్చి వాయించే ఘట్టం, వచ్చే చోట మాత్రం స్వరాలుండవు. పైన కార్డ్‌ల (కలిపి మోగే స్వరాల గుంపుల) పేర్లు, కింద ఏటవాలు గీతలు, అంతే. అక్కడ వాయించేవాళ్ల ఇష్టం. మీ వ్యాసకర్త కంటికి ఆ గీతలే ఆనినట్టున్నాయి. ఆ సోలో వెనక మిగతావాళ్లు ఎప్పుడు అందుకోవాలో, ఎంత మెల్లగా మొదలుపెట్టి ఎంతదాకా పెంచాలో, ఎక్కడ ఠక్కున ఆపేయాలో ఎవరో కూర్చుని, కొట్టేసి, మళ్లీ రాసిందే. సోలో గొప్పదనాన్ని నేను తక్కువ చేయడం లేదు.

పైగా ఇది తిండికి సంబంధించిన విషయం కూడా. న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ 1935 నుంచీ ఉన్న క్లబ్బు. అక్కడ వారం పాటు వాయించే అవకాశం వస్తే జాజ్‌లో పెద్ద గుర్తింపు కింద లెక్క. సీట్లు 123. మంగళవారం నుంచి ఆదివారం దాకా రోజుకు రెండు ఆటలూ నిండినా విన్నవాళ్లు 1,476 మంది. ఆ వారం అయిపోతే ఆ సంపాదనా అయిపోయినట్టే. రాసిన రచన అలా కాదు, వేరేవాళ్లు రికార్డు చేసినా రాసినవారికి వాటా వస్తుంది. అమెరికాలో మామూలు రేడియోలో రికార్డు వేస్తే రాయల్టీ రాసినవారికే గానీ వాయించినవారికి లేదు. (అది న్యాయమని నేను అనను. దాని మీద వేరే ఉత్తరం రాయాలి.)

మీ వ్యాసంలో జాజ్ స్వరకర్త మరియా ష్నైడర్ పేరే లేదు. ఆవిడ తన ఆర్కెస్ట్రాతో స్టేజి మీదికి వస్తే చేతిలో వాయిద్యం ఉండదు, ముందు నిలబడి నడిపిస్తారు. మరి ఆవిడకు 'ఏది తోస్తే అది వాయించడం' ఎలా కుదురుతుంది? చదువయ్యాక పేరున్న జాజ్ స్వరకర్త గిల్ ఎవాన్స్ దగ్గర నాలాగే కాపీ పని చేశారని తెలిసినప్పుడు, ఎందుకు దాచాలి, నాకు కాస్త గర్వంగా అనిపించింది. 2004లో 'కాన్సర్ట్ ఇన్ ద గార్డెన్' ఆల్బమ్‌ను షాపుల్లో పెట్టకుండా, శ్రోతలు ముందుగా కట్టిన డబ్బుతో తయారుచేసి ఇంటర్నెట్‌లోనే అమ్మారు. మరుసటి ఏడాది దానికి గ్రామీ వచ్చింది.

టైషాన్ సోరీ పేరైతే ఉంది, 'డ్రమ్మర్' అన్న ఒక్క మాటతో. పియానో కళాకారుడు విజయ్ అయ్యర్ 2021 ఆల్బమ్ 'అనీజీ'లో డ్రమ్స్ వాయించింది ఆయనే, నిజమే. కానీ 2024లో అమెరికాలో పెద్ద గౌరవమైన పులిట్జర్ సంగీత బహుమతి ఇచ్చింది ఆయన డ్రమ్స్ చూసి కాదు, సాక్సోఫోన్‌కూ ఆర్కెస్ట్రాకూ రాసిన 'అడాజియో'కు. యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియాలో పాఠాలు కూడా చెబుతారు. విజయ్ అయ్యర్ 2014 నుంచి హార్వర్డ్‌లో ప్రొఫెసర్. ఆయన తల్లిదండ్రులు తమిళులని మీరు మూడుచోట్ల రాశారు. స్ట్రింగ్ క్వార్టెట్ (నాలుగు తీగవాయిద్యాల బృందం) కోసం 'మ్యుటేషన్స్' రాశారని ఒక్కచోటా రాయలేదు.

ఈ చిన్నచూపు మీతో మొదలైంది కాదులెండి. 1965లో జాజ్ స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్‌కు ప్రత్యేక గౌరవం ఇవ్వమని పులిట్జర్ జ్యూరీ చెబితే బోర్డు ఒప్పుకోలేదు. ఒక జాజ్ రచనకు ఆ బహుమతి దక్కడానికి 1997లో ట్రంపెట్ కళాకారుడు, స్వరకర్త వింటన్ మార్సాలిస్ దాకా ఆగాల్సి వచ్చింది.

నేను అడిగేది చిన్న పని. ఇకమీదట కచేరీ సమీక్ష వేసినప్పుడు వాయించినవారి పేరు పక్కన ఆ రచన ఎవరిదో కూడా వేయండి. సొంత రచన అయితే 'సొంత రచన' అని వేయండి. అరలైను కూడా పట్టదు. ఈ ఉత్తరం కింద నా పేరు మాత్రం అక్కర్లేదు. కాపీ చేసినవాళ్ల పేరు ఎవరూ వేయరు, నాకు అలవాటే.

ఇట్లు,
మీ పాఠకురాలు