ఒక చెవి వినికిడి, కాక్లియర్ ఇంప్లాంట్ సభ్యుల సంఘం, నెల్లూరు: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పని ఎక్కువగా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. ఒక చెవి బాగా వినపడుతూ, రెండో చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలోకి సన్నటి తీగ పెట్టి, వినికిడి నరాలకు నేరుగా విద్యుత్ సంకేతాలు పంపే పరికరం) పెట్టించుకున్నవాళ్లు ప్రతి మీటింగ్‌లోనూ అడిగిందే అది: "ఒకే పాట రెండు చెవుల్లో రెండు శ్రుతుల్లో ఎందుకు వినిపిస్తోంది?" మిషన్ పాడైందేమో, ఆపరేషన్ సరిగా జరగలేదేమో అని టెన్షన్ పడి రాత్రిళ్లు ఫోన్ చేసినవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ సంగతి కాస్త వివరంగా రాస్తున్నాం.

లోపలి చెవిలో రెండున్నర చుట్లు చుట్టుకుని ఉండే కాక్లియాను సాపుగా చాపితే దాదాపు 35 మిల్లీమీటర్లు ఉంటుంది. మొదట్లో కీచు శబ్దాలు, లోపలికి పోయేకొద్దీ మంద్ర శబ్దాలు నరాలకు అందుతాయి. సహజమైన చెవిలో ఈ పనికి దాదాపు 3,500 లోపలి వరుస రోమకణాలు (శబ్దాన్ని పట్టి నరాలకు అందించే కణాలు) ఉంటే, ఇంప్లాంట్ తీగ మీద కంపెనీని బట్టి 12 నుంచి 22 ఎలక్ట్రోడ్‌లే ఉంటాయి. పైగా ఆ తీగ చాలామందిలో చివరి చుట్టు దాకా పోదు. దాంతో మంద్రంగా వినపడాల్సిన గొంతు కూడా పైస్థాయి నరాల దగ్గరే ఆగిపోతుంది. మగవాళ్ల మాట కీచుగా వినిపించేది ఇందుకే. రెండు చెవులూ పోయినవాళ్లకు పక్కన పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. మనకు మంచి చెవి ఉంది కాబట్టే తేడా మొదటిరోజే పట్టుబడుతోంది.

ఇంకో కారణం కూడా ఉంది. చెవి బయట పెట్టుకునే ప్రాసెసర్ ఎలక్ట్రోడ్‌లకు సెకనుకు వందల పల్స్‌లు దాదాపు ఒకే వేగంతో పంపుతుంది. శబ్దం పెరగడం, తగ్గడం వాటిలో దిగుతుంది గానీ, స్వరాన్ని తేల్చే సన్నటి కంపనం చాలావరకు పోతుంది. భజనలో తాళం అందుతుంది గానీ రాగం అందడం లేదని సభ్యులు అంటున్నది నిజమే.

వేసవిలో స్టోన్‌హౌస్‌పేటలో ఒక సభ్యుడి ఇంట్లో హార్మోనియం పెట్టుకుని కూర్చున్నాం. సంగీతం టీచరుగా రిటైరైన మాస్టారు వచ్చారు. టైలరింగ్ చేసే అక్క ఒకరు ముందుకొచ్చారు. ఫోన్‌లో రికార్డు చేసిన మధ్యస్థాయి షడ్జమాన్ని నేరుగా ఆమె ప్రాసెసర్‌కి పంపి, ఆ ఎత్తు హార్మోనియంలో ఎక్కడుందో మంచి చెవితో వెతకమన్నాం. మాస్టారు ఒక్కో మెట్టూ నొక్కుతుంటే అక్క "ఇంకా పైకి సార్, ఇంకా పైకి" అంటూనే ఉన్నారు. తారస్థాయిలోకి వెళ్లాక ఆపి, "ఇదే అనుకుంటా. కానీ స్వరంలా లేదు సార్, రేకు డబ్బాను గరిటెతో గీకినట్టుంది" అన్నారు. మళ్లీ పెడితే ఈసారి చాలా కిందే ఆగారు. దీన్ని పరీక్ష అనుకోకండి. హార్మోనియం స్వరంలో ఎన్నో పౌనఃపున్యాలు కలిసి ఉంటాయి, ఒకేసారి చాలా ఎలక్ట్రోడ్‌లను కదిలిస్తాయి. ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) ఒక్కో ఎలక్ట్రోడ్‌ను విడిగా మోగించి, మంచి చెవికి శుద్ధ స్వరం వినిపించి పోల్చే పద్ధతి వేరు. అయినా ఆమెకు ఏం వినపడుతోందో ఇంట్లోవాళ్లకు అర్థమైంది ఆ సాయంత్రమే.

ఈ తేడా కాలక్రమంలో తగ్గుతుందా? అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో, కొంత సహజ వినికిడి మిగిలి పొట్టి ఎలక్ట్రోడ్ పెట్టించుకున్నవాళ్లను గమనిస్తే, కొందరిలో ఇంప్లాంట్ శ్రుతి రెండు స్థాయిల (ఆక్టేవ్‌ల) దాకా జరిగింది. కొందరిలో ఏళ్లు గడిచినా జరగదు. మన సభ్యుల్లో రెండు రకాలవాళ్లూ ఉన్నారు. అందుకని "ఆరు నెలల్లో అదే సర్దుకుంటుంది" అని కొత్తవాళ్లకు దయచేసి ఎవరూ మాట ఇవ్వకండి. మ్యాపింగ్‌కు (ఆడియాలజిస్టు దగ్గర ఇంప్లాంట్ సెట్టింగులు సరిచేయించుకోవడానికి) వెళ్లినప్పుడు ఏ గొంతు ఎలా వినపడుతోందో కాగితం మీద రాసుకెళ్లి చెప్పండి. సీటీ స్కాన్ చూసి, తీగ ఆగిన చోటును బట్టి పౌనఃపున్యాలు కేటాయించే విధానం ఇప్పుడుంది. అది మీకు కుదురుతుందో లేదో అడగండి.

మంచి చెవి పనిచేస్తున్నప్పుడు మెదడు ఎక్కువగా దాని మీదే ఆధారపడుతుంది. అందుకే మాటల్ని, పాటల్ని నేరుగా ప్రాసెసర్‌కి పంపుకుని ఒంటరిగా వినే సాధన మొదలుపెట్టాం. బాగా తెలిసిన గొంతయితే తేలిక. ఎక్కువమంది మన నెల్లూరు బాలసుబ్రహ్మణ్యం గారి పాటలే ఎంచుకున్నారు. పాట ఇంకా ఇంపుగా లేకపోయినా, ట్రంకు రోడ్డు దాటేటప్పుడు హారన్ ఎటునుంచి వస్తోందో తెలుస్తోందని కొందరు చెబుతుంటే మాకెంతో సంతోషంగా ఉంది. పాడైన చెవిలో హోరు తగ్గిందన్నవాళ్లూ ఉన్నారు. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ వైద్యులు ఇలాంటి ఫలితాన్నే 2008లో ప్రచురించారు.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నష్టం ఉంటేనే సర్టిఫికెట్ వస్తుంది. ఒక చెవి పూర్తిగా పోయినవాళ్లు లెక్కలోకి రారు. ఇది అన్యాయమని కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం. చట్టం మారాల్సిన విషయం కాబట్టి వచ్చే ఏడాది ఎంపీ గారి ద్వారా ఢిల్లీకి పంపుతాం.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో విడిగా జతచేశాం. చందా బాకీ ఉన్నవాళ్లు కోశాధికారికి కట్టగలరు. హార్మోనియం సాధన వచ్చే నెల నుంచి మళ్లీ మొదలవుతుంది. ప్రాసెసర్‌ను, స్ట్రీమింగ్ పరికరాన్ని ఫుల్ చార్జింగ్‌తో తెచ్చుకోండి. వీలైతే ఇంట్లోవాళ్లను ఒకరిని వెంటబెట్టుకు రండి.

– కార్యదర్శి