సీసా మీద 1000 మి.గ్రా. అని వేశారు, దేనికి 1000?

నెల్లూరు, పొగతోట

మేనేజర్ గారికి,
నాణ్యత, ఫిర్యాదుల విభాగం

విషయం: మీ 30 మి.లీ. విజయ (ఆయుర్వేదంలో గంజాయి మొక్క పేరు) తైలం లేబుల్, టెస్ట్ రిపోర్టు, కరపత్రాలలో తప్పులు. 24 సీసాల వాపసు.

ఆర్యా,

పొగతోటలో మందుల షాపులు నడిపే ముగ్గురం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మీ డిస్ట్రిబ్యూటర్ పంపిన 24 సీసాలను అమ్మకుండా పక్కన పెట్టాం. ఒక చుక్కలో ఈ మొక్కలోని మందు పదార్థం కన్నాబిడియాల్, అంటే సీబీడీ, ఎంత ఉందో మీ లేబుల్ చదివి ఎవరూ చెప్పలేరు. మా అసలు ఫిర్యాదు ఇదే.

ముందువైపు పెద్ద అక్షరాలతో ‘హెంప్ 1000 మి.గ్రా.’ అని ఉంది, హెంప్ అంటే గంజాయి మొక్కే. వెనకవైపు విజయ ఆకు సారం, గంజాయి గింజల నూనె, నువ్వుల నూనె అని మూడు పేర్లున్నాయి. ఆ వెయ్యి వీటిలో దేనిది? గింజల నూనెదైతే సీబీడీ లేనట్టే లెక్క. సీబీడీ ఉండేది పూల మీద, ఆకుల మీద ఉండే సన్నని నూగు తాలూకు జిగురులో. గింజకు ఆ జిగురు పైన కొంచెం అంటుకుంటే అంటుకోవచ్చు, అంతే. గింజల నూనెను 2021లో ఆహార పదార్థంగా అనుమతించారు. దాన్ని మందుగా అమ్మడం కుదరదు.

సారం వెయ్యి మిల్లీగ్రాములైతే అందులో సీబీడీ శాతం ఎంతో రాయాలి, అదీ లేదు. మీరు పంపిన రిపోర్టు చూద్దామంటే అది వేరే బ్యాచ్‌ది. అందులో సీసాకు సీబీడీఏ (సీబీడీకి పచ్చి రూపం) 700 మి.గ్రా., సీబీడీ 300 మి.గ్రా. అని వేసి, రెండూ కూడి 1000 చేశారు. కూడిక ఒప్పే, లెక్క తప్పు. సీబీడీఏను వేడి చేస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి సీబీడీ అవుతుంది, బరువు తగ్గుతుంది. అందుకే 0.877తో గుణించాలి. 700 కాస్తా 614 అవుతుంది, మొత్తం 914. అది కూడా పూర్తిగా మారితేనే. మీ రిపోర్టు ప్రకారం సీసాలో ఇప్పుడున్న సీబీడీ 300 మాత్రమే.

మీకు అనుకూలంగా వెయ్యీ సీబీడీయే అనుకుందాం. మి.లీ.కు 33.3 మి.గ్రా. ‘20 చుక్కలు ఒక మి.లీ.’ అని మీరు రాశారు. అది నీళ్ళకు చెల్లే లెక్క. నూనె చుక్క చిన్నది. 1 మి.లీ. సిరంజితో కొలిచి మీ డ్రాపర్‌తోనే వేస్తే 31 చుక్కలు పడ్డాయి. అంటే చుక్కకు 1.67 కాదు, సుమారు 1.07 మి.గ్రా.

కరపత్రంలో ‘పిల్లల మూర్ఛకు పూటకు 5 చుక్కలు’ అన్నారు. అంటే 5.4 మి.గ్రా. శుద్ధమైన సీబీడీ మందును అమెరికాలో 2018లో లెనాక్స్-గాస్టో, డ్రావే అనే రెండు అరుదైన మూర్ఛలకు అనుమతించారు. దాని బలం మి.లీ.కు 100 మి.గ్రా. ప్రారంభ మోతాదు కిలో బరువుకు 2.5 మి.గ్రా., రోజుకు రెండు పూటలు. 20 కిలోల బిడ్డకు పూటకు 50 మి.గ్రా., అర మి.లీ. సరిపోతుంది. మీ తైలంతో అంత అందాలంటే ఒకటిన్నర మి.లీ., సుమారు 47 చుక్కలు వేయాలి. సీసా పది రోజుల్లో ఖాళీ. మీరు చెప్పిన 5 చుక్కలు అందులో పదోవంతు. వాటిని నమ్మి తల్లిదండ్రులు రోజూ వేసే ఫిట్స్ బిళ్ళలు ఉన్నట్టుండి ఆపేస్తే, ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

ఎక్కువ వేసినా చిక్కే. సోడియం వాల్ప్రోయేట్ అనే ఫిట్స్ మందు వాడే బిడ్డకు లివర్ ఎంజైములు పెరిగే ప్రమాదం ఎక్కువ. మొదలుపెట్టే ముందు, తరువాత కూడా రక్తపరీక్ష చేయించాలి. క్లోబాజమ్ అనే మరో ఫిట్స్ మందు శరీరంలో మారాక తయారయ్యే పదార్థాన్ని సీబీడీ బయటికి పోనివ్వదు, దాంతో బిడ్డ మగతగా పడి ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడే పెద్దలకు రక్తం మరీ పలచబడవచ్చు. నూనె తేలే చేపల పులుసుతో అన్నం తిన్నాక వేసుకుంటే, పరగడుపున వేసుకున్నదానికంటే రక్తంలోకి చేరేది కొన్ని రెట్లు పెరగవచ్చు. కాబట్టి రోజూ తిండికి ముందో, తిన్నాకో, ఏదో ఒక పద్ధతి పాటించమని లేబుల్ చెప్పాలి. ఇవేవీ మీ కరపత్రంలో లేవు. షుగరు, క్యాన్సర్ నయమవుతాయని మాత్రం ఉంది. మూర్ఛతో సహా ఈ జబ్బులకు అలాంటి ప్రకటనలు చేయడాన్ని మందుల ప్రకటనల మీద వచ్చిన 1954 చట్టం నిషేధించింది.

సీబీడీ మత్తు ఇవ్వదన్నది నిజమే. మీ సీసాలో ఉన్నది సీబీడీ ఒక్కటేనా? మత్తు ఇచ్చేది టీహెచ్‌సీ. ముందువైపు ‘టీహెచ్‌సీ 0%’, రిపోర్టులో ‘0.3% లోపు’. 30 మి.లీ. నూనె 27 గ్రాములకు పైనే తూగుతుంది. 0.3 శాతమంటే 80 మి.గ్రా. దాటుతుంది. కృష్ణపట్నం పోర్టుకు లారీ నడిపే మనిషి దీన్ని రోజూ వాడి మూత్రపరీక్షలో దొరికితే, ‘మందుల షాపులో కొన్నాను’ అన్న మాట ఎవరు వింటారు?

మాకు ఇంకో భయం ఉంది. లైసెన్సు నంబరు పక్కన ‘ఆకు సారం’ అని ఉంటే, కరపత్రం ‘లేత పూమొగ్గల నుంచి తీసిన సంపూర్ణ సారం’ అంటోంది. 1985 మాదకద్రవ్యాల చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. వాటితో కలవని ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. మొగ్గ అన్న ఒక్క మాటతో మా కౌంటర్లో ఉన్న సరుకు మందు కాక కేసు అవుతుంది. ఏది నిజమో రాతపూర్వకంగా చెప్పండి. విజయ ఉన్న ఆయుర్వేద మందు మీద తప్పనిసరిగా ఉండాల్సిన ‘వైద్య పర్యవేక్షణలో వాడాలి’ అన్న హెచ్చరిక కూడా మీ సీసా మీద కనిపించలేదు.

ప్యాకింగ్ సంగతికొస్తే, తెల్ల గాజు సీసాలో పోసి, రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండలో మామూలు పార్సిల్ వ్యానులో పంపారు. వెలుతురు, గాలి, వేడి మూడూ సీబీడీని చెడగొట్టేవే. ఆరు సీసాల మూతల దగ్గర నూనె కారి, పాత నూనె వాసన కొడుతోంది. గోధుమరంగు గాజు, బిగువైన సీలు, ఖాళీ తక్కువగా ఉండేలా నింపడం పెద్ద ఖర్చేం కాదు.

15 రోజుల్లో 24 సీసాలు వెనక్కి తీసుకుని డబ్బు చెల్లించాలి. ఇకపై పంపే సరుకుకు మి.లీ.కు సీబీడీ, సీబీడీఏ, టీహెచ్‌సీ విడివిడిగా లేబుల్ మీద ఉండాలి. డ్రాపర్ బదులు గీతలున్న సిరంజి పెట్టాలి. అదే బ్యాచ్ రిపోర్టు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ నుంచి, వేడి చేయకుండా కొలిచే హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో కావాలి. గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం వేడికి సీబీడీఏ అక్కడే సీబీడీగా మారిపోతుంది కాబట్టి అది పనికిరాదు. సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం అంకెలు కూడా ఉండాలి, ఈ మొక్క నేలలోని లోహాలను బాగా పీల్చుకుంటుంది. కరపత్రాలు మాత్రం వెంటనే ఆపండి.

సీసాలు సీలు వేసి చల్లటి బీరువాలో ఉంచాం. మీ మనిషి ఇన్‌వాయిస్‌తో వస్తే కారిన ఆరూ వేరుగా, మిగతా పద్దెనిమిదీ వేరుగా లెక్కపెట్టి ఇస్తాం.

ఇట్లు,
పొగతోట మందుల షాపుల తరఫున