ఇరుసులో లేని లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌కి డబ్బు తీసుకోవడంపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

అయ్యా,

మీ వెనక చక్రాల డ్రైవ్ బండిలో టాప్ వేరియంట్ కొన్నాను. కింది వేరియంట్‌తో చూస్తే 85 వేలు ఎక్కువ. సన్‌రూఫ్ కోసం కాదండి. బ్రోచర్‌లో ‘క్లచ్ ప్లేట్ల లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్’ అని ఉంది, అందుకు కొన్నాను. డిఫరెన్షియల్ అంటే ఇంజిన్ బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచే, ఇరుసులోని గేర్ల పెట్టె. లిమిటెడ్ స్లిప్ రకమైతే ఒక చక్రం జారినా రెండోదానికి కొంత బలం అందుతుంది. మాది భీమవరం దగ్గర పల్లె, రొయ్యల చెరువులు. పుంత దాటితే ఇక చెరువు గట్లే, వాన పడితే నల్లరేగడి.

ఆగస్టు ముసురులో ఒక రాత్రి రెండు గంటలకు కరెంటు పోయింది. జనరేటర్‌కి డీజిల్ క్యాన్లు వేసుకుని బయల్దేరాను. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే తెల్లవారేలోపు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, పంట మొత్తం పోతుంది. గట్టు మలుపులో ఎడమ వెనక చక్రం బురదలో దిగి గిర్రున తిరిగింది. కుడి చక్రం గట్టి నేల మీదే ఉండి కదల్లేదు. ముప్పావు గంట అక్కడే. ఆ టెన్షన్ మీకు చెప్పినా అర్థం కాదు.

ప్లేట్లు లేని మామూలు ‘ఓపెన్’ డిఫరెన్షియల్ బలాన్ని రెండు చక్రాలకూ సమానంగానే పంచుతుంది. చిక్కంతా అక్కడే. జారే చక్రం తిరగడానికి ఎంత తక్కువ బలం చాలుతుందో, పట్టున్న చక్రానికీ అంతే అందుతుంది. కాడికి ఒకవైపు ఎద్దు చతికిలబడితే రెండోది ఎంత గట్టిదైనా బండి లాగలేదు కదా. క్లచ్ ప్లేట్లుంటే ఆ రాపిడితో కొంత బలం పట్టున్న వైపు మళ్లేది. చక్రం గాల్లో తేలితే అదీ పెద్దగా చెయ్యలేదని నాకు తెలుసు. నాది గాల్లో లేదు, జిగట మట్టిలో ఉంది.

చివరికి ట్రాక్టర్ అబ్బాయి వచ్చి, తాడు కట్టేముందు హ్యాండ్‌బ్రేక్ రెండు పళ్లు లాగి యాక్సిలరేటర్ మెల్లగా తొక్కమన్నాడు. జారే చక్రానికి అడ్డు పడేసరికి రెండోదానికి బలం వచ్చి బండి కదిలింది. మీరు 85 వేలు తీసుకున్న పనిని హ్యాండ్‌బ్రేక్ చేసిందన్నమాట.

మర్నాడు మా మెకానిక్ వెనక చక్రాలు రెండూ జాకీల మీద లేపి, న్యూట్రల్‌లో పెట్టి ఒకటి చేత్తో తిప్పాడు. రెండోది ఎదురు దిక్కుకి తేలిగ్గా తిరిగింది. క్లచ్ ప్లేట్ల బిగువుంటే రెండూ ఒకే వైపు తిరగాలి. సర్వీస్ బిల్లులోనూ మామూలు గేర్ ఆయిలే ఉంది, లిమిటెడ్ స్లిప్‌కి ఆయిల్‌లో కలిపే అడిటివ్ లేదు. ఆ పరీక్ష వీడియో, బిల్లు కాపీ జతచేశాను.

మీ షోరూమ్ వాళ్లేమో ‘బ్రేకులతో ట్రాక్షన్ కంట్రోల్ ఉంది, రెండూ ఒకటే సార్’ అన్నారు. ఒకటే అయితే ఆ రాత్రి హ్యాండ్‌బ్రేక్ ఎందుకు లాగాల్సి వచ్చింది? జారే చక్రాన్ని బ్రేకుతో పట్టడం వేరు, ఇరుసులో ప్లేట్లుండటం వేరు. బ్రోచర్‌లో రాసింది రెండోది.

బ్రోచర్‌లో చెప్పిన డిఫరెన్షియల్ మీ ఖర్చుతో, వారంటీ పోకుండా బిగించండి, లేదా 85 వేలు వాపసు ఇవ్వండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి, ఫోన్‌లో ‘చూస్తాం సార్’ వద్దు. రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. అన్నట్టు, ఆ బ్రోచర్ ఇప్పటికీ మీ షోరూమ్ టేబుల్ మీదే ఉంది. ముందు అది తీయించండి.

ఇట్లు,
మీ బండి కొన్న రైతు