వార్షిక నివేదిక: నాలుక చాపి, నాడి చూపించుకున్న ఏడాది

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, సంక్రాంతి బాగానే జరిగాయి, ఫొటోలు అందరూ చూసినవే కాబట్టి వాటి గురించి మళ్లీ రాయను. ఈసారి ఎక్కువగా చెప్పాల్సింది మన సంఘం ఆరోగ్య కమిటీ గురించి. "ఇన్నేళ్లుగా సింగపూర్‌లో ఉంటున్నాం, బ్లాక్ కింద చైనా మందుల షాపులో ఏముందో ఒక్కసారైనా లోపలికెళ్లి చూశామా?" అని పోయినేడాది సమావేశంలో ఒకాయన అడిగారు, ఇదంతా అక్కడే మొదలైంది.

మొదటి సమావేశానికి ఒక టీసీఎం, అంటే చైనా సంప్రదాయ వైద్యం చేసే డాక్టరమ్మను పిలిచాం. ఆవిడ తమ వైద్యానికి మూలమైన 'చి' అంటే ఏమిటో చెప్పడానికి తంటాలు పడుతుంటే వెనక వరసలోంచి ఒక మామ్మగారు "ప్రాణం లాంటిదేగా" అని తేల్చేశారు. అంత సులువుగా తేలేది కాదులెండి. కానీ దురియాన్ వేడి, మాంగోస్టీన్ చలవ, చామంతి టీ చలవ అనగానే హాలంతా నవ్వులు! ఇక్కడి చైనావాళ్లు ఇంగ్లిష్‌లో 'హీటీ' అనేదాన్నే మనం వేడి చేసింది అంటాం, మామిడిపండ్లు ఎక్కువ తింటే సెగ్గడ్డలొస్తాయని సబ్జా నీళ్లు తాగి పెరిగినవాళ్లమే కదా అందరం. వాళ్లు నాలుక చూసి కూడా ఒంటి సంగతి చెబుతారు, అలా నాలుక చూపించడానికి ముందుగా లేచింది మన కోశాధికారి, దాని మీద గోధుమరంగు పూత చూసి ఆవిడ కాసేపు ఆగి "కాఫీ తాగి వచ్చారా?" అన్నారు.

తర్వాత కొందరం థాంగ్ చాయ్ మెడికల్ ఇన్‌స్టిట్యూషన్ చూసి వచ్చాం. 1867లో చైనా వ్యాపారులు పెట్టిన ధర్మాసుపత్రి అది, జాతి, మతం చూడకుండా ఎవరొచ్చినా ఉచితంగా వైద్యం చేయడం మొదటి నుంచీ వాళ్ల పద్ధతి.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం వేరే. గుంటూరు నుంచి కూతురి దగ్గరికొచ్చిన ఒక పెద్దావిడకు నిద్ర పట్టదు, తిన్నది అరగదు, స్కానింగుల్లో ఏమీ లేదు. నేనూ తోడు వెళ్లాను. డాక్టరమ్మ మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి, ఏమీ మాట్లాడకుండా చాలాసేపు చూశారు. ఆ తర్వాత ప్రశ్నలు. రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తుంది, చల్లనీళ్లు తాగాలనిపిస్తుందా, పగలు ఎవరితో మాట్లాడతారు. వాళ్ల లెక్కలో దుఃఖం ఊపిరితిత్తులది, అతిగా ఆలోచించడం ప్లీహానిది, కోపం కాలేయానిది. ఆ పెద్దావిడ భర్త పోయి ఏడాది కాలేదన్న మాట ఆ గదిలోనే మొదటిసారి బయటికొచ్చింది, పక్కన కూర్చుని తర్జుమా చేస్తున్న కూతురి నోట మాట రాలేదు. సూదులు (ఆక్యుపంక్చర్), కషాయం ఎంత పనిచేశాయో నేను చెప్పలేను. నిద్ర మెరుగైందని ఆవిడే చెప్పారు. ఒళ్లూ మనసూ వేరు కాదనే మాట వినడమే తప్ప, అలా అడిగే మనిషిని నేను చూడటం ఇదే మొదలు.

తప్పులూ జరిగాయి. మాచిపత్రి లాంటి ఆకును ఎండబెట్టి, చుట్టలా చుట్టి కాల్చి చర్మానికి దగ్గరగా సెగ చూపిస్తారు, మాక్సా అంటారు. దాన్ని మూసిన గదిలో వెలిగించి చూపించమన్న ఐడియా నాదే, పొగ అలారం మోగింది, క్షమించండి. ఇది నవ్వుకునేది, అసలైన తప్పు ఇంకొకటి. ఒక సభ్యుడి నాన్నగారు కషాయం మొదలెట్టాక సొంతంగా షుగర్ మాత్రలు మానేశారు, షుగర్ బాగా పెరిగి ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. ఏ డాక్టరూ మానమనలేదు. మొదటి రోజే మేం గట్టిగా చెప్పాల్సింది, చెప్పలేదు. కాబట్టి వేసుకుంటున్న మాత్రలన్నీ మీ మామూలు డాక్టరుకూ, టీసీఎం డాక్టరుకూ చూపించండి, ముఖ్యంగా రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడేవాళ్లు. చైనా కషాయాల్లో వేసే దాంగ్ గుయ్, దాన్ షెన్ వేర్లు దాని ప్రభావాన్ని పెంచుతాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే 'హెగు' చోట గర్భిణులు నొక్కించుకోకూడదంటారు. 2000లో వచ్చిన చట్టం ప్రకారం ఇక్కడ టీసీఎం చేసేవాళ్లు బోర్డులో రిజిస్టరై ఉండాలి, పేరు ఉందో లేదో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో దొరికే నొప్పుల మాత్రల జోలికి మాత్రం వెళ్లకండి, అలాంటి కొన్నింటిలో చెప్పకుండా స్టెరాయిడ్లు కలిపినట్టు ఇంతకుముందు బయటపడింది.

నడుం నొప్పికి సూదులు వేయించుకున్నవాళ్లలో తగ్గిందన్నవాళ్లున్నారు, ఏ తేడా లేదన్నవాళ్లూ ఉన్నారు. ఈ ఏడాది వాయిడ్ డెక్‌లో (బ్లాక్ కింది ఖాళీ జాగాలో) ఆదివారం ఉదయం తాయ్ చి, అంటే నెమ్మదిగా చేసే చైనా వ్యాయామం, కొనసాగుతుంది, పెద్దవాళ్లను తీసుకురండి. లెక్కలు కోశాధికారి విడిగా పంపుతారు. పోయినసారి చాపలు ఇంటికి తీసుకెళ్లినవాళ్లు తెచ్చి ఇవ్వండి, రెండు తగ్గాయి.