బోర్డు రంగు సరే, గొట్టం పట్టే చేతిని చూసేదెవరు?

సంపాదకుల వారికి,

మా వీధి చివర ఒక డాక్టరు గారున్నారు. కోలారు వైపు మనిషి. తెలుగూ కన్నడా కలిపి మాట్లాడతారు, ఇప్పటికీ వంద రూపాయలే తీసుకుంటారు. 2024లో కర్ణాటక ఆరోగ్య శాఖ అల్లోపతి వాళ్ల బోర్డులు లేత నీలంలో, ఆయుర్వేదం వాళ్లవి ఆకుపచ్చలో ఉండాలనీ, కె.పి.ఎం.ఇ. (కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టం) రిజిస్ట్రేషన్ నంబరు అందరికీ కనబడాలనీ ఆదేశిస్తే, ఆయన పాత తెల్ల బోర్డు దింపి నీలం బోర్డు పెట్టించారు. నంబరు పెట్టమనడం మంచిదే, దొంగ డాక్టర్లు దొరుకుతారు. రంగు సంగతి వాళ్లకే తెలియాలి.

ఇంతకీ నేను రాస్తున్నది మా అత్తగారి గురించి. మదనపల్లె నుంచి వచ్చి రామమూర్తి నగర్లో మా దగ్గరే ఉంటున్నారు. పోయినేడు పక్షవాతం వచ్చి మింగడం పోయింది. ఆసుపత్రిలో ముక్కులోంచి కడుపులోకి ఆహారం పోసే గొట్టం, రైల్స్ ట్యూబు, వేసి పదో రోజున ఇంటికి పంపేశారు. నేనూ మావారూ ఉద్యోగాలకు పోవాలి. ఒక ఏజెన్సీకి ఫోన్ చేస్తే సాయంత్రానికల్లా ఒకమ్మాయిని పంపారు. "నర్సే మేడమ్, అన్నీ వచ్చు" అన్నారు. నర్సయితే నర్సింగ్ కౌన్సిల్ నంబరు ఉండాలి కదా, అది అడగాలని నాకు తోచనే లేదు. మూడో రోజు మధ్యాహ్నం ఆవిడను వెల్లకిలా పడుకోబెట్టే ట్యూబులో రాగిజావ పోసింది. తల వైపు ఎత్తు పెట్టాలనీ, పోసే ముందు ట్యూబు కడుపులోనే ఉందో జారి పైకొచ్చిందో చూసుకోవాలనీ ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. జావ ఊపిరితిత్తుల్లోకి పోయింది. మళ్లీ ఆసుపత్రి, ఐసీయూలో ఆరు రోజులు. బతికి బయటపడ్డారు.

ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. అంతకు ముందు గార్మెంట్స్‌లో కుట్టు పని చేసేదట, ఏజెన్సీ ఇచ్చిన ట్రైనింగ్ రెండు రోజులు. నిలదీస్తే "మనిషిని మారుస్తాం" అన్నారు. వినియోగదారుల కమిషన్‌కు పొమ్మని తెలిసినవాళ్లు చెప్పారు. పోతే డబ్బు వస్తుందేమో. అదే అమ్మాయి మర్నాడు ఇంకో ఇంట్లో సిరంజి పట్టుకుంటే ఆపేదెవరు? డాక్టరు తప్పు చేస్తే మెడికల్ కౌన్సిల్ ఆయన పేరు కొట్టేయగలదు. ఈమె పేరు కొట్టేయడానికి అసలు ఎక్కడా రాసి లేదే!

అలాగని ఇళ్లల్లో రోగులను చూసుకునే ఇలాంటి అటెండర్లందరికీ సర్టిఫికెట్లు, లైసెన్సులు పెట్టమని అడగను. పెడితే ఎందరో ఆడపిల్లల పొట్ట కొట్టినట్టవుతుంది, మనకేమో జీతం రెట్టింపవుతుంది. తల దువ్వి, పక్క మార్చి, నాలుగడుగులు నడిపించే మనిషికి పోలీసు వెరిఫికేషన్ చాలు. ముక్కు గొట్టం, మూత్రం గొట్టం, ఇన్సులిన్ సూది, గొంతు దగ్గర రంధ్రంలోంచి కఫం లాగే సక్షన్... ఇవి చేసే మనిషికి మాత్రం ఒక పరీక్ష, ఒక నంబరు, ఫిర్యాదు చేసుకోవడానికి ఒక చోటు ఉండి తీరాలి. చెయ్యి జారితే ఎంత ముప్పో, ఆ పని మీద ప్రభుత్వం పట్టు అంత ఉండాలి.

ఇది నా సొంత తెలివేమీ కాదు. బ్రిటన్‌లో వైద్య వృత్తుల నియంత్రణకు ఈ సూత్రాన్ని 2010లోనే రాసుకున్నారు, 2015లో సవరించుకున్నారు. మన కె.పి.ఎం.ఇ. చట్టం 2007 నాటిది. 2017లో దాన్ని సవరించబోతే డాక్టర్లు సమ్మె చేశారు. చార్జీలు, జైలు శిక్షలు అంటూ జరిగిన ఆ గొడవంతా ఆసుపత్రి గోడల లోపలి వ్యవహారమే. కోవిడ్ తర్వాత ఆక్సిజన్ మిషన్లు, సక్షన్ మిషన్లు పడకగదుల్లోకి వచ్చేశాయి. ఫిజియోథెరపిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్ల కోసం పార్లమెంటు 2021లో చట్టం చేస్తే, రాష్ట్రాలు కౌన్సిళ్లు పెట్టకుండా నాన్చాయి. చివరికి 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు గడువు విధించాల్సి వచ్చింది. ఇక అటెండర్ల వంతు ఎప్పుడొస్తుందో!

మొన్న కొత్త అమ్మాయిని పంపుతామంటే ఈసారి రిజిస్ట్రేషన్ నంబరు అడిగాను. ఆ పిల్ల ఫోన్ నంబరు పంపారు.

ఆరోగ్య శాఖ వారికి నా మనవి ఒక్కటే. క్లినిక్కుల తనిఖీకి వచ్చే అధికారులు ఇలాంటి ఏజెన్సీల ఆఫీసులకూ ఒకసారి వెళ్లి, గొట్టాలు, సూదులు వాడాల్సిన ఇళ్లకు ఎవరెవరిని పంపుతున్నారో, వాళ్లకు ఆ పని ఎవరు నేర్పారో రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రామమూర్తి నగర్, బెంగళూరు